సమ్మె కూడదన్నప్పుడు తగవు తీర్చేదెవరు?

2024 అక్టోబరులో తెలంగాణలోని ప్రత్యేక పోలీసు పటాలాల కానిస్టేబుళ్ల ఇంటి ఆడవారు రోడ్డెక్కారు. సెలవులు సరిగా దొరకడం లేదనీ, భర్తలు పరాయి వూళ్లలో డ్యూటీలు చేస్తూ వుంటే సంసారాలు చెల్లాచెదరవుతున్నవనీ, రాష్ట్రంలో పోలీసులందరికీ ఒకే విధానం వుండవలెననీ వారి మొర. కొన్నిచోట్ల కానిస్టేబుళ్లు కూడ గొంతు కలిపారు. అక్టోబరు 26న 39 మందిని సస్పెండు చేశారు. మరునాడు 10 మందిని ఉద్యోగాలలోనుంచే తీసివేశారు.

ఈ వార్త మీద మనవాళ్లలో రెండు మాటలు వినవచ్చినవి. "యూనిఫారం తొడుక్కున్నవాడే వీధికెక్కితే ఇక దొంగలను పట్టేదెవరు?" అన్నారు కొందరు. "పోలీసువాడి పెండ్లాం పిల్లలకు మాత్రం ఇల్లూ వాకిలీ అక్కరలేదా?" అన్నారు మరికొందరు. రెండూ సబబైన మాటలే. రెండూ సబబు కావడం చేతనే చిక్కు వచ్చినది.

మిల్లు కూలీకి జీతం చాలకపోతే సమ్మె కడతాడు. మిల్లు ఆగితే యజమానికి నష్టం, కూలీకీ నష్టం. ఎవరో ఒకరు ముందుగా అలసిపోయి దిగివస్తారు. ఫైరింజను ఆగితే అలా కాదు. ఆ నష్టం జీతమిచ్చే మునిసిపాలిటీకి తగలదు, జీతం అడిగే జవానుకూ తగలదు. ఇల్లంటుకున్న మూడోవాడికి తగులుతుంది. అందుచేతనే చాలా దేశాలలో పోలీసులకూ, చాలాచోట్ల అగ్నిమాపక దళాలవారికీ సమ్మె నిషేధించారు. అది న్యాయమేనని మేమూ అంటాము. కాని చేతిలోని కర్ర లాక్కున్నవాడు, దారిలో కుక్క వస్తే అదిలించే పూచీ కూడ తీసుకోవాలి గదా! ఆ పూచీ ఏ రూపంలో వుండవచ్చును, ఎక్కడ వున్నది, మన దేశంలో ఎంతవరకు వచ్చి ఆగినది అనే సంగతులు మాకు తెలిసినంతవరకు ఇక్కడ వ్రాస్తున్నాము. కచేరీలో కరువు భత్యం బిల్లులు వ్రాసే చేయి గనుక, జీతాల మాట మాకు కొంత పరిచయమే.

ముందుగా ఒక మాట తేల్చుకోవాలి. తగవులో మూడో మనిషి కూర్చోవడం మూడు రకాలు. ఇద్దరికీ నచ్చచెప్పి రాజీ కుదిర్చేవాడు ఒకడు. కుదరకపోతే లేచి వెళ్లిపోతాడు. రెండోవాడు ఇరుపక్షాలూ విని, ఇది న్యాయమని కాగితం మీద వ్రాసి ఇస్తాడు. దానిని పాటించడం, బీరువాలో పెట్టడం దొరవారి యిష్టం. మన పే కమీషన్లు, సంస్కరణల కమిటీలు ఈ జాతివి. మూడోవాడి మాట ఇద్దరికీ కట్టుబాటు. నచ్చినా నచ్చకపోయినా దానిని అమలు జరపవలసిందే. మేము చెప్పబోయేది ఈ మూడో రకం, కట్టుబాటు మధ్యవర్తిత్వం సంగతి.

దీని కథ అమెరికాలో బోస్టను నగరంతో మొదలుపెట్టడం మంచిది. 1919లో అక్కడి పోలీసు జవాను వారానికి 70 గంటలకు పైగా పనిచేసేవాడు. యూనిఫారం సొంత డబ్బుతో కుట్టించుకోవాలి. స్టేషను గదులలో ఎలుకలూ నల్లులూ. మొదటి మహాయుద్ధంలో ధరలు మండిపోయినవి, జీతం మాత్రం వెనుకబడినది. జవాన్లు అమెరికా కార్మిక సమాఖ్యలో యూనియనుగా చేరారు. పోలీసు కమీషనరు ఎడ్విన్ కర్టిస్ అది కూడదన్నాడు. యూనియను నాయకులు 19 మందిని సస్పెండు చేశాడు. సెప్టెంబరు 9 సాయంకాలం 1,544 మంది జవాన్లలో 1,117 మంది డ్యూటీ వదలి బయటికి నడిచారు.

ఆ రాత్రి బోస్టనులో అంగళ్ల అద్దాలు పగిలినవి, సరుకులు పోయినవి. వీధిలోనే పాచికలాటలు సాగినవి. మరునాడు సైనిక దళాలు దిగినవి, కాల్పులు జరిగి మనుషులు చచ్చిపోయారు. ఆ రాష్ట్రపు గవర్నరు కాల్విన్ కూలిడ్జి, ప్రజా రక్షణకు వ్యతిరేకంగా సమ్మె కట్టే హక్కు ఎవరికీ, ఎక్కడా, ఎప్పుడూ లేదని కార్మిక నాయకునికి తంతి కొట్టాడు. ఆ తంతితో ఆయన పేరు దేశమంతా మారుమ్రోగినది. మరుసటి ఏడు ఉపాధ్యక్షుడుగా గెలిచాడు, 1923లో అధ్యక్షుడే అయినాడు. సమ్మె కట్టిన జవాన్లను మాత్రం మళ్లీ తీసుకోలేదు.

ఇంతవరకు చాలామందికి తెలిసిన కథే. తక్కువగా చెప్పుకునే ముక్క ఒకటున్నది. సమ్మెకు ముందే ఆ నగర మేయరు, జేమ్సు స్టారో అనే బ్యాంకరు పెద్దగా ఒక పౌరుల కమిటీని వేశాడు. జవాన్లు బయటి కార్మిక సమాఖ్యతో సంబంధం వదలుకొని తమ సొంత సంఘం పెట్టుకోవాలనీ, జీతాల తగవులను పైనున్న పెద్దమనుషుల సంఘం ఒకటి పరిశీలించాలనీ ఆ కమిటీ రాజీ చెప్పినది. కమీషనరు దానిని త్రోసివేశాడు. తరువాత ఏమైనది? పాతవారిని తీసివేసి క్రొత్తవారిని చేర్చుకున్నప్పుడు, వారికి ఎక్కువ జీతం ఇచ్చారు, యూనిఫారాలు ఉచితంగా ఇచ్చారు. అంటే పాతవారు అడిగినది ఇవ్వరానిదేమీ కాదు. అడిగినవారికి ఇవ్వలేదు, అంతే! ప్రాణాలూ అంగళ్లూ పోయిన తరువాత, అడగని వారికి ఇచ్చారు. మధ్యలో ఇద్దరూ ఒప్పుకునే మనిషి ఒకడు వుండి వుంటే ఆ రాత్రి జరిగేది కాదేమోనని మాకు తోస్తుంది.

బోస్టను తరువాత నిషేధం గట్టిపడినది. కాని నిషేధానికి బదులుగా ఇవ్వవలసిన రెండో సగం రావడానికి యాభై ఏండ్లు పట్టినది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో 1947లోనే పోలీసులకూ అగ్నిమాపక దళాలవారికీ మధ్యవర్తుల ఏర్పాటు పెట్టారు. కాని ఆ తీర్పులు మునిసిపాలిటీలకు కట్టుబాటు కావని 1962లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పినది. ప్రజలెన్నుకున్న సభ తన అధికారాన్ని బయటివారి చేతిలో పెట్టడానికి రాష్ట్ర రాజ్యాంగం ఒప్పదని. మరి రాజ్యాంగాన్నే మార్చాలని పట్టుబట్టారు. 1967 నవంబరులో రాష్ట్ర ప్రజలు వోట్లు వేసి మార్చారు. 1968 జూనులో 111వ నంబరు చట్టం వచ్చినది. జీతగాళ్ల తగవు కోసం ఒక రాష్ట్రపు ఓటర్లు తమ రాజ్యాంగాన్ని దిద్దుకున్నారంటే సామాన్యమైన సంగతి కాదు.

ఆ చట్టంలో మధ్యవర్తిని ఎన్నుకునే తీరు మాకు బాగా నచ్చినది. ముగ్గురు కూర్చోవాలి. జవాన్ల తరపున ఒకరు, ఊరి తరపున ఒకరు. ఆ ఇద్దరూ కలిసి మూడోవారిని ఎన్నుకోవాలి. కుదరకపోతే అమెరికా మధ్యవర్తుల సంఘంవారు మూడు పేర్ల పట్టీ పంపుతారు. మునిసిపాలిటీ ఒక పేరు కొట్టివేస్తుంది, తరువాత జవాన్లు ఒక పేరు కొట్టివేస్తారు, మిగిలినవారే అధ్యక్షులు. మన యిండ్లలో ఆస్తి పంచేటప్పుడు ఒకడు భాగాలు వేస్తే రెండోవాడు కోరుకోవడం వున్నది చూడండి, ఆ తెలివే ఇది. పెట్టినవాడు ఒక్కడే అయితే తీర్పు ఎంత బాగున్నా ఓడినవాడికి నమ్మకం కుదరదు.

మిషిగన్ రాష్ట్రంలో 1969లో వచ్చిన 312వ నంబరు చట్టం ఇంకా తేటగా మాట్లాడుతుంది. పోలీసులకూ ఫైర్‌మెన్లకూ సమ్మె చట్టరీత్యా నిషిద్ధం గనుక, వారి మనసు నిబ్బరంగా వుండడానికీ, శాఖలు సక్రమంగా నడవడానికీ, దానికి బదులు త్వరగా తేలే, కట్టుబాటైన దారి ఒకటి వుండి తీరాలని మొదటి సెక్షనులోనే వ్రాశారు. నిషేధమూ బదులూ ఒకే వాక్యంలో వున్నవి. విచారణ నడుస్తున్నంతకాలం వున్న జీతం, వున్న షరతులు ఎవరూ కదపరాదు. ధరలు ఎట్లున్నవి, ఇరుగుపొరుగు వూళ్లలో ఏమిస్తున్నారు, ఈ వూరికి తాహతు ఎంత అనేవన్నీ చూసి తీర్పు చెప్పాలి.

అయితే ఇందులో ఒక తిరకాసు బయటపడినది. జవాన్లు నెలకు 3,000 పెంచమన్నారనుకోండి. ఊరు 1,000 ఇస్తామన్నది. మధ్యవర్తి మధ్యకు కోసి 2,000 అన్నాడు. మరుసటిసారి జవాన్లు 6,000 అడుగుతారు. ఊరు పైసా లేదంటుంది. మధ్యకు కోసేవాడు వున్నాడని తెలిస్తే ఇద్దరూ అసలు మాట చెప్పడం మానివేస్తారు. సంతలో దుప్పటి బేరం వంటిదే! దీనికి విరుగుడుగా 1972లో మిషిగన్‌వారు చట్టం దిద్దారు. డబ్బుకు సంబంధించిన ప్రతి అంశం మీద ఇరుపక్షాలూ తమ ఆఖరు మాట వ్రాసి ఇవ్వాలి. మధ్యవర్తులు ఆ రెంటిలో ఒకదానిని ఎంచుకోవాలే తప్ప మధ్యమార్గం పట్టరాదు. అప్పుడు ఆశపడి ఆకాశానికి ఎక్కినవాడి కాగితం పక్కకు పోతుంది. ఆ భయంతో జవాన్లు 2,200కు దిగుతారు, ఊరు 1,800కు ఎక్కుతుంది. అంత దగ్గరికి వచ్చినవారు మధ్యవర్తి దాకా పోకుండా తమలో తామే సరిచేసుకోవడమూ వున్నది.

ఇక దీని మీద వచ్చిన ఆక్షేపణలు తక్కువేమీ కాదు. వాటిని దాచి వ్రాయడం మాకు ఇష్టం లేదు.

అన్నిటికన్న పెద్దది డబ్బు. పన్నులు వేసేది ఎన్నికైన సభ్యులు; ఖర్చు నిర్ణయించేది ఎక్కడినుంచో వచ్చిన మధ్యవర్తి. ఆయన తీర్పు చెప్పి రైలెక్కి వెళ్లిపోతాడు. బడ్జెటు పూడ్చుకోవలసింది ఊరు. డెట్రాయిటు మేయరు కోల్మన్ యంగు కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1969లో ఆయన రాష్ట్ర సెనేటులో వుండి ఆ చట్టాన్ని బలపరచినవాడు. 1974లో మేయరై, కుర్చీకి రెండో వైపు కూర్చున్న తరువాత, నిర్బంధ మధ్యవర్తిత్వం ఊరి ఆర్థిక నిర్వహణను మెల్లమెల్లగా పాడుచేస్తున్నదని బాహాటంగా అన్నాడు. 2013 జూలై 18న డెట్రాయిటు దివాళా దరఖాస్తు పెట్టినది. అయితే ఆ పాపమంతా జవాన్ల జీతాల నెత్తిన రుద్దడం అన్యాయం. 1950లో 18 లక్షలు దాటిన జనాభా 2010కి 7 లక్షల చిల్లరకు పడిపోయిన వూరు అది. కార్ఖానాలు పోయినవి, పన్ను కట్టేవారు పోయారు, పాత అప్పులూ పింఛన్లూ మిగిలినవి. అయినా మేయరు మాటలో నిజం వున్నది. 2011లో మిషిగన్‌వారు చట్టం దిద్ది, ఊరి తాహతుకు అన్నిటికన్న ఎక్కువ విలువ ఇవ్వాలన్నారు. న్యూజెర్సీలో కొంతకాలం, 2017 చివరిదాకా, మధ్యవర్తులు ఇచ్చే పెంపుకు ఏడాదికి నూటికి 2 వంతున కట్టడి పెట్టారు. కట్టడి పెట్టవచ్చును. కాని కట్టడి మరీ బిగిస్తే మధ్యవర్తి చేతిలో మిగిలేది కలమొక్కటే.

రెండో ఆక్షేపణ ఇంకా లోతైనది. తీర్పు కట్టుబాటైతే మనసు కూడ కట్టుబడుతుందా? కెనడాలోని మాంట్రియలు పోలీసులకు మధ్యవర్తుల ఏర్పాటు వుండనే వున్నది. టొరంటో పోలీసులతో సమానంగా జీతం కావాలని వారి కోరిక. తీర్పు వచ్చినది, వారు ఆశించినంత రాలేదు. 1969 అక్టోబరు 7న డ్యూటీ మానివేసి సభ పెట్టుకున్నారు. అగ్నిమాపక దళంవారూ చేరారు. పదహారు గంటలసేపు అంత పెద్ద నగరానికి కాపలా లేదు. బ్యాంకులు దోచారు, అంగళ్లు పగిలినవి. విమానాశ్రయం బాడుగలు తన గుత్తలో పెట్టుకున్న ఒక కంపెనీ గ్యారేజి మీదికి టాక్సీ డ్రైవర్లు దండెత్తితే, అక్కడ కాల్పులలో రాష్ట్ర పోలీసు ఉద్యోగి ఒకడు చనిపోయాడు. ఆ రోజే క్యూబెక్ శాసనసభ అత్యవసర చట్టం చేసి జవాన్లను పనిలోకి పంపినది. కనుక మధ్యవర్తి వున్నంత మాత్రాన సమ్మె రాదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మనక్కరలేదు.

న్యూజెర్సీ పోలీసుల మీద అలెగ్జాండర్ మాస్ అనే ఆర్థిక శాస్త్రజ్ఞుడు 2006లో ప్రకటించిన పరిశోధన దీనికి జోడుగా చదవవలసినది. ఆఖరు మాటల పద్ధతిలో మధ్యవర్తి ఊరి కాగితాన్ని ఎంచుకొని, పోలీసులు ఓడినచోట్ల, తరువాతి నెలలలో అరెస్టులు తగ్గినవి, నేరాలు పెరిగినవి. గెలిచినచోట్ల అట్లా జరుగలేదు. సమ్మె లేదు, జండా లేదు, నినాదం లేదు. లాఠీ మాత్రం కాస్త మెల్లగా నడిచినది. కచేరీలలో పనిచేసేవారికి ఇది క్రొత్త సంగతేమీ కాదు. ఇంక్రిమెంటు ఆగిన గుమాస్తా దగ్గర ఫైలు ఎట్లా నడుస్తుందో మాకు తెలుసు! మామూలు కచేరీలో ఆలస్యమైతే ఒక సర్టిఫికేటు ఆగుతుంది. పోలీసు ఠాణాలో ఆలస్యమైతే ఒక ఇల్లు దోపిడీ అవుతుంది.

మా దృష్టిలో ఈ రెండు ఉదాహరణలూ మధ్యవర్తిత్వం పనికిరాదని చెప్పడం లేదు. ఓడినవాడు కూడ, నా మాట విన్నారు, నేనూ ఒప్పుకున్న మనిషే తీర్పు చెప్పాడు అనుకోగలిగితేనే అది పనిచేస్తుందని చెబుతున్నవి. పోల్చి చూడవలసింది మధ్యవర్తిత్వాన్ని స్వర్గంతో కాదు. నోరు కట్టి, బదులుగా ఏమీ ఇవ్వని పద్ధతితో.

అటువంటి పద్ధతి ఎక్కడ వున్నదంటే, మన దగ్గరే వున్నది.

మన దేశ చరిత్రలో 1966 చాలా వింత సంవత్సరం. అంతకు ఆరేండ్ల క్రితం, 1960 జూలైలో, కేంద్ర ప్రభుత్వోద్యోగులు పెద్ద సమ్మె కట్టారు. ఆ అనుభవం మీద, ఇంగ్లండులోని విట్లీ కౌన్సిళ్ల నమూనాలో, 1966లో ఉమ్మడి సంప్రదింపుల వ్యవస్థ పెట్టారు. కచేరీలలో దానినే జేసీఎం అంటాము. సర్కారు పక్షమూ సిబ్బంది పక్షమూ ఒక బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోవాలి. తేలకపోతే మూడు విషయాలు, అంటే జీతభత్యాలు, వారపు పనిగంటలు, ఒక తరగతి ఉద్యోగుల సెలవులు, మధ్యవర్తుల బోర్డుకు పోవాలి. బోర్డులో సర్కారు పట్టీనుంచి ఒకరు, సిబ్బంది పట్టీనుంచి ఒకరు, ఏ పక్షానికీ చెందని అధ్యక్షుడు ఒకరు. తీర్పు ఇద్దరికీ కట్టుబాటు. మార్చవలెనంటే సర్కారు కారణాలు చెప్పి పార్లమెంటు ముందు పెట్టాలి. అలా తీర్మానాలు పార్లమెంటుకు వెళ్లిన సందర్భాలూ వున్నవి. పెన్సిల్వేనియా చట్టానికి ఇది రెండేండ్లు పెద్దది!

మరి ఈ పందిట్లో పోలీసుకు చోటున్నదా? లేదు. పోలీసు సిబ్బందిని ఆ పథకంలోనుంచి మినహాయించారు. అదే 1966 డిసెంబరులో పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం వచ్చినది. అనుమతి లేనిదే ట్రేడ్ యూనియనులో చేరరాదు, అనుమతి లేనిదే పత్రికలకు ఎక్కరాదు అని దాని సారాంశం. ఒకే ఏడాదిలో గుమాస్తాకు మధ్యవర్తిని ఇచ్చారు, కానిస్టేబుకు నిషేధం ఇచ్చారు. మేము వ్రాసే కాగితం నాలుగు రోజులు ఆగితే లోకం మునగదు. అయినా తీర్పరి మాకున్నాడు. కొంపలంటుకునే పని చేసేవాడికి లేడు.

అగ్నిమాపక దళాల సంగతి వేరే గందరగోళం. కొన్ని నగరాలలో అవి కార్పొరేషనువి, మన చుట్టుపక్కల రాష్ట్రాలలో ఎక్కువగా ప్రభుత్వ శాఖవి. నాగపూరు కార్పొరేషను కేసులో 1960లో సుప్రీంకోర్టు, మునిసిపల్ ఫైర్ సర్వీసు కూడ పరిశ్రమల చట్టం క్రిందికి వస్తుందని చెప్పినది. 1947 నాటి ఆ చట్టపు మొదటి షెడ్యూలులో ఫైర్ బ్రిగేడు పేరు వున్నది కూడ. అంటే ఆ జవానుకు ట్రిబ్యూనలు గడప కనిపించినది. అయితే తగవును ట్రిబ్యూనలుకు పంపడం పంపకపోవడం ప్రభుత్వం యిష్టం; యజమాని ప్రభుత్వమే అయినప్పుడు, వచ్చిన తీర్పును గడువులోగా మార్చే, త్రోసివేసే అధికారం కూడ ఆ చట్టం ప్రభుత్వానికే ఇచ్చినది. 2025 నవంబరు 21నుంచి ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడు అమలులోకి వచ్చినది. ఇందులో ఇరుపక్షాలూ వ్రాసుకొని ఒప్పుకుంటే మధ్యవర్తికి పోవచ్చును. ఒక పక్షం ఒప్పుకోకపోతే పోలేరు.

యజమానే తీర్పు దిద్దుకుంటే ఏమవుతుందో మన తెలుగువాడొకడు పదవి వదలి చూపించాడు. బరంపురంలో 1894 ఆగస్టు 10న పుట్టిన వరాహగిరి వేంకటగిరిగారు 1952నుంచి కేంద్రంలో కార్మిక మంత్రి. ఒడిషాలోని మన సభ్యులకు ఆయనను గురించి మేము చెప్పనక్కరలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల తగవులో లేబర్ అప్పీలు ట్రిబ్యూనలు తీర్పు ఇచ్చినది. ప్రభుత్వం దానిని ఉద్యోగులకు నష్టం కలిగేలాగ మార్చినది. గిరిగారు రాజీనామా ఇచ్చి బయటికి వచ్చారు. 1955లో మరో విచారణ జరిపించి, చాలావరకు ఉద్యోగులకు అనుకూలంగా చట్టం చేయవలసి వచ్చినది. బ్యాంకు గుమాస్తా పోలీసు కాడు, నిజమే. కాని కట్టుబాటు అనే మాటకు అర్థం ఏమిటో ఆ కేసులోనే తేలినది.

ఇక్కడ ఒక సంగతి కప్పిపుచ్చరాదు. గిరిగారు నిర్బంధపు తీర్పులకు మొదటినుంచీ వ్యతిరేకి. యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, తేలకపోతే ఇద్దరూ ఇష్టపడి మధ్యవర్తిని పెట్టుకోవాలి, ట్రిబ్యూనళ్లు అలవాటైతే మాట్లాడుకోవడం మరచిపోతారు అని ఆయన వాదం. మిల్లులకూ రైళ్లకూ ఆ వాదం మాకూ రుచిస్తుంది. కాని అక్కడ కార్మికుని చేతిలో సమ్మె వున్నది. ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ బరువు బల్ల మీద వుంటుంది. ఒక పక్షం చేతులు చట్టమే కట్టివేసినచోట ఆ మాటలు బరువు తప్పిన మాటలు. అందుకని ఈ ఒక్క తెగ ఉద్యోగుల వరకు పెద్దలతో మేము వేరుపడుతున్నాము.

బదులు లేని నిషేధం ఏం చేసినదో లెక్క చూడండి. 1973 మే నెలలో ఉత్తరప్రదేశ్ సాయుధ పోలీసు దళం తిరగబడితే సైన్యాన్ని దించారు. మరుసటి నెల కమలాపతి త్రిపాఠి మంత్రివర్గం పోయినది. 1979లో పంజాబులో మొదలైన పోలీసుల అలజడి చాలా రాష్ట్రాలకు పాకినది. జూనులో బొకారో ఉక్కు కర్మాగారం దగ్గర పారిశ్రామిక భద్రతా దళానికీ సైన్యానికీ కాల్పులు జరిగి ప్రాణాలు పోయినవి. ఆ ఏడాదే ధర్మవీర అధ్యక్షుడుగా వున్న జాతీయ పోలీసు కమీషను తన మొదటి నివేదికలో కానిస్టేబుళ్ల జీతాలూ, వారి ఫిర్యాదులు వినే ఏర్పాటూ గురించే వ్రాసినది. నివేదిక గనుక నివేదికగానే వున్నది.

తమిళనాడులోని మన వారికి 2003 జూలై గుర్తుండే వుంటుంది. సమ్మె కట్టిన లక్షా డెబ్బైవేల మంది దాకా ప్రభుత్వోద్యోగులను ఒక్క కలంపోటుతో తీసివేశారు. ఆగస్టు 6న సుప్రీంకోర్టు, ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు చట్టరీత్యా గాని నీతిరీత్యా గాని లేదని చెప్పినది. చాలామందిని తిరిగి తీసుకోవడమూ జరిగినది. ఆ తీర్పు తరువాత బదులు దారి మీద చర్చ గట్టిగా సాగవలసినది. మాకు తెలిసినంతలో సాగలేదు.

కర్ణాటకలో 2016 జూను 4న కానిస్టేబుళ్లు మూకుమ్మడి సెలవు పెడతారని పుకారు లేచినది. జీతం తక్కువ, వారానికొక సెలవైనా దక్కదు, పై అధికారుల వేధింపు అని వారి బాధ. ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ప్రయోగించినది. సెలవు పిలుపు ఇచ్చిన నాయకుణ్ణి అరెస్టు చేసినది. ఆ రోజు డ్యూటీ మామూలుగానే నడిచినది. తరువాత రాఘవేంద్ర ఔరాద్కర్ అనే పోలీసు అధికారి అధ్యక్షతన కమిటీ వేశారు. జీతాలు పెంచాలని ఆ కమిటీ చెప్పినది. 2019లో కొంతవరకు అమలు చేశారు. పెంపు న్యాయమని సర్కారు వేసిన కమిటీయే చెప్పిన మాట, అమలుకు వచ్చేసరికి ఏండ్లు గడిచినవి. పెన్సిల్వేనియాలో అధ్యక్షుడు కూర్చున్నాక తీర్పుకు గడువు ముప్పై రోజులు.

ఇన్ని చెప్పిన తరువాత ఒక అసలు అడ్డంకి మిగిలినది. మధ్యవర్తి ముందు రెండు పక్షాలు నిలబడాలి. సర్కారు తరపున సంతకం పెట్టేవారు ఎందరో వున్నారు. కానిస్టేబుళ్ల తరపున ఎవరు పెడతారు? ఇంగ్లండులో 1918, 1919 సంవత్సరాలలో పోలీసులు రెండుసార్లు సమ్మె కట్టారు. రెండోసారి కట్టినవారు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. కాని యూనియనును నిషేధించిన 1919 చట్టమే పోలీసు ఫెడరేషను అనే సంఘాన్ని పుట్టించినది. నీ నోరు మూస్తున్నాను, ఇదిగో ఈ కిటికీలోనుంచి మాట్లాడు అన్నట్లు. తరువాతి కాలంలో వారికి బేరసారాల బోర్డు, మధ్యవర్తుల ట్రిబ్యూనలు కూడ వచ్చినవి. 2014 చట్టంతో అక్కడ వాటిని తీసివేసి, సలహా మాత్రం ఇచ్చే సమీక్షా సంఘాన్ని పెట్టారు. వెనుకకు నడిచారనే మా అభిప్రాయం.

మన 1966 చట్టంలోనూ అనుమతితో సంఘం పెట్టుకునే సందు లేకపోలేదు. కేరళలో పోలీసు సంఘానికి 1979నుంచి గుర్తింపు వున్నది. ఆ సంఘంవారు అర్జీ పెట్టగలరు, మంత్రిని కలిసి మాట్లాడగలరు. మాట్లాడినది తేలకపోతే వెళ్లడానికి మూడో మనిషి అక్కడా లేడు. తెలంగాణ పటాలాల యిల్లాండ్రకు అర్జీ పట్టుకొని వెళ్లే గుమ్మం కూడ కనిపించక, రోడ్డు కనిపించినది.